దూడకు ముర్రుపాలు, బిడ్డకు పంచదార నీళ్ళు

నాకు చిన్నప్పటి నుంచీ కుదురు తక్కువ. కూర్చున్నచోట కూర్చోలేను, విన్నమాట విని ఊరుకోలేను. "నీ కాళ్ళ కింద నిప్పులేమన్నా ఉన్నాయా?" అని మా అమ్మ తిట్టేది. అలాంటిదాన్ని ఒక తడికల గదిలో నులకమంచం మీద పడేసి, లేవకు, నడవకు, నీళ్ళు అడక్కు అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నా మొదటి పురుడు సంగతి ఇది.

తుంగభద్ర కాలవకు నీళ్ళు వదిలిన కొత్తలో మా అత్తవారు గుంటూరు వైపు ఉన్న కాస్త చెక్కా అమ్ముకుని రాయచూరు జిల్లా సిరవార దగ్గర భూమి కొన్నారు. మేమున్న చోటుని ఎవరూ ఊరు అనేవారు కాదు, క్యాంపు అనేవారు. గుప్పెడు ఇళ్ళు, తడికల గోడలు, చుట్టూ నల్లరేగడి. వాన పడిందంటే చెప్పులు ఆ మట్టికే వదిలేసి ఉత్త కాళ్ళతో ఇంటికి రావలసిందే.

తొలికాన్పు పుట్టింట్లో జరగడం మా ఆనవాయితీ. అమ్మ వచ్చి నన్ను తీసుకెళ్ళడానికి మంచిరోజు కూడా చూశారు. నా కూతురు ఆ మంచిరోజు దాకా ఆగలేదు. ఆ తొందర ఎవరి పోలికో వేరే చెప్పనక్కర్లేదు. నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో, మావారు మోకాలి లోతు బురదలో ఉండగా, నాకు మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. కాలవ అవతలి పాత ఊరి నుంచి మంత్రసానిని పిలిపించారు. పొద్దు గుంకే లోపే బిడ్డ బయటపడింది. అమ్మకి తంతి కొట్టారు గానీ ఆవిడ బెజవాడలో రైలెక్కి, గుంతకల్లులో మారి, రాయచూరులో దిగి, బస్సు పట్టుకుని ఆ బురదలో క్యాంపుకి చేరేదెప్పుడు? అందాకా నేనూ, నా బిడ్డా మా అత్తగారి చేతుల్లో ఉన్నాం.

అత్తగారు చెడ్డమనిషి కాదు. వంచిన నడుము ఎత్తకుండా పనిచేసేది, ఎవరికి జ్వరమొచ్చినా ముందు తనే వెళ్ళేది. కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మావారి కంటే ముందు ఆవిడకి ఒక కొడుకు పుట్టి, పురిటి మంచంలోనే పోయాడు. గాలి సోకిందన్నారట. అప్పటి నుంచీ పురిటి గదంటే ఆవిడకి వణుకు. ఆ వణుకు పైకి పెత్తనంలా కనిపించేదని నాకు అప్పట్లో తెలియదు.

బిడ్డకు పాలు పట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడొద్దే. అవి ముర్రుపాలు. చీములా ఎలా ఉన్నాయో చూడు, పచ్చగా! మూడోనాడు నీళ్ళు పోశాక అప్పుడు పడదాం."

"అందాకా దానికేం పెడతారు?"

"ఆముదం చుక్క, తేనె చుక్క. పంచదార నీళ్ళలో వత్తి ముంచి పడితే చాలు."

నేను మంత్రసాని వైపు చూశాను. ఆవిడది అక్కడి యాస. "గవి అరగవమ్మా. పిండి పారబొయ్యాలె. మా తాన గూడ గిట్లనే జేస్తరు. బాణంతికి నీళ్ళు గూడ జర తక్కువియ్యాలె, కడుపు జారుతది" అంది. బాలింతను వాళ్ళు బాణంతి అంటారు. కూరలో కారం దగ్గర నుంచి పండగ రోజు దాకా ఏ ఒక్కటీ కలవని రెండు ఊళ్ళవాళ్ళు, నా పాలు పారబోసే విషయంలో మాత్రం ఇట్టే కలిసిపోయారు.

అత్తగారు ఆ పాలు ఇత్తడి గిన్నెలోకి పిండించి, ఎవరూ తొక్కని చోట గోడ మొదట్లో పోసి వచ్చేది. నాకు ఒళ్ళు మండిపోయేది. బిడ్డ దూది వత్తిని చప్పరించి, కాసేపు కేరుమని, నిద్రలోకి జారిపోయేది. నేను మంచం మీద ఇటు దొర్లి, అటు దొర్లి, రోడ్డు మీద బస్సు చప్పుడు కోసం చెవులు రిక్కించి, దాహంతో నాలుక పిడచకట్టి, కాలుగాలిన పిల్లిలా ఉన్నాను. తేడా ఏమిటంటే, పిల్లిని కనీసం తిరగనిస్తారు.

మర్నాడు మా గేదె ఈనింది. పాక నా తలాపి తడికకు అవతలే ఉండేది. అత్తగారి ప్రతి మాటా నాకు వినిపించేది.

"దూడను ముందు వదలరా. కడుపారా తాగనీ. తర్వాత మనం పితుక్కుందాం" అని పాలేరుని కేకలేస్తోంది. "ముర్రుపాలు తాగని దూడ బతికి బట్టకడుతుందిరా?"

నేను లేచి కూర్చున్నాను. లేవకూడదని చెప్పారన్న సంగతే మరిచిపోయాను.

"మరి నా దూడో, అత్తయ్యా?" అని తడికలోంచి అరిచాను.

పాలేరు కిసుక్కున నవ్వాడు. "మనిషికీ గొడ్డుకీ పోలికేమిటే, నోరు మూసుకుని పడుకో" అంది అత్తగారు. ఆ సాయంత్రం మిగిలిన ముర్రుపాలలో బెల్లం, మిరియాలు వేసి జున్ను వండి క్యాంపంతా పంచింది. నాకు పెట్టలేదు, పథ్యం కదా. గేదె ముర్రుపాలు ఊరందరికీ అమృతం, నావి నా బిడ్డకి విషం. ఆ జున్ను వాసన పీలుస్తూ నేను ఏడ్చాను, ఉక్రోషంతో.

ఆ పచ్చటి పాలేమిటో తర్వాత తెలుసుకున్నాను. తొలి రోజుల్లో వచ్చే ఆ చిక్కటి పాలు కొంచెమే ఉంటాయి. ఎందుకంటే పుట్టిన బిడ్డ కడుపు రేగిపండంత ఉంటుంది, అంతకంటే పట్టదు. ఆ కొంచెంలో ఉన్నది ఆకలి తీర్చే సరుకు ఒక్కటే కాదు. తల్లి ఒంట్లోని రక్షక పదార్థాలు కూడా ఉంటాయి. తల్లి ఇన్నేళ్ళుగా ఏ రోగాలతో పోరాడిందో, ఏ నీళ్ళు తాగి, ఏ దుమ్ము పీల్చి తట్టుకుందో ఆ అనుభవమంతా అందులో చేరుతుంది. అవి బిడ్డ పేగుల గోడలకు పూతలా అంటుకుని, సూక్ష్మజీవులను లోపలికి రానివ్వకుండా కాపు కాస్తాయి. దూడ సంగతి ఇంకా కచ్చితం. మనిషి బిడ్డకి కడుపులో ఉండగానే తల్లి రక్తం నుంచి కొంత రక్షణ అందుతుంది. దూడకి అదీ అందదు. అందుకే ముర్రుపాలు తాగని దూడ బతకదన్న మాట అక్షరాలా నిజం. మావాళ్ళకి శాస్త్రం తెలియక కాదు. పాకలో తెలిసిన శాస్త్రం గడప దాటి ఇంట్లోకి రాలేదు, అంతే.

మూడోనాడు నీళ్ళు పోశారు. ఇక పట్టొచ్చన్నారు. తీరా రొమ్ములు రాళ్ళలా గట్టిపడి ఉన్నాయి, తాకితే ప్రాణం పోతోంది. బిడ్డ నోట్లో పెట్టుకుంటుంది, రెండుసార్లు నోరాడిస్తుంది, వదిలేస్తుంది. తర్వాత ఏడవడం కూడా మానేసింది. దాని పెదవులు ఎండి ఉన్నాయి, మాడు మీది మెత్తటి చోటు కాస్త లోపలికి దిగింది. అది చూశాక నా కోపమంతా ఎగిరిపోయి భయం పట్టుకుంది. నా బిడ్డ చచ్చిపోతుందేమోనని భయం.

కబురు తెలిసి క్యాంపు ఆడవాళ్ళంతా వచ్చేశారు. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడిలా, మంచం చుట్టూ తలా ఒక మాట. పాలు పడలేదంది ఒకావిడ. వెల్లుల్లి కారం పెట్టమంది ఇంకొకావిడ. "వీళ్ళమ్మకీ పాలు లేవేమో, వంశంలో ఉండాలి కదా!" అంది ఒక మహాతల్లి. రొమ్ము పిసికి చూసేది ఒకరు, బిడ్డ బుగ్గ గిల్లేది ఒకరు. నేను పైట లాక్కోవడం, వాళ్ళు తీసెయ్యడం. మంత్రసాని మూల కూచుని, "గింతమంది మీద పడితె పిల్ల పరేషాన్ గాదా?" అని సణిగింది గానీ ఎవరూ వినలేదు.

ఆ సందట్లోనే పాకలో పాలు పితికే వేళయింది. అత్తగారు లేచి వెళ్ళింది. ఎంత ప్రాణం మీదికొచ్చినా గేదె వేళ గేదెదే. ఎవరో పక్కింటాయన కొత్త దూడను చూద్దామని బీడీ వెలిగించుకుని పాకలో నిలబడినట్టున్నాడు. తడిక అవతల ఆవిడ గొంతు వినబడింది.

"నువ్వు అవతలికి పోవయ్యా. కొత్తమనిషిని చూస్తే ఇది చేపదు. పాలు పైకి లాక్కుంటుంది. పొదుగు నిండా ఉన్నా చుక్క రాలదు."

చేపడమంటే గేదె తనంతట తాను పాలు కిందికి వదలడం. దూడ మూతితో పొడవాలి, చప్పరించాలి, గేదె ఒళ్ళు సడలాలి, అప్పుడు వదులుతుంది. పాడి ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన మాటే. అత్తగారు ఆ మాట అన్న తర్వాత చెంబులో ధార చప్పుడు వినిపిస్తుందని ఎదురు చూశాను. వినిపించలేదు. చెంబు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

చేతులు కూడా కడుక్కోకుండా పేడ వాసనతో గదిలోకి వచ్చి, గుమ్మంలో నిలబడి మంచం చుట్టూ ఉన్న వాళ్ళందర్నీ ఒకసారి చూసింది.

"లేవండి" అంది. "అందరూ లేచి ఇళ్ళకి పొండి. వంశంలో పాలున్నాయా లేవా అని తర్వాత పంచాయితీ పెడుదురు గాని."

మహాతల్లి మొహం ముడుచుకుని మరీ వెళ్ళింది. అత్తగారు చేతులు కడుక్కుని, పెద్ద చెంబుతో నీళ్ళు తెచ్చి నా నోటికి పెట్టింది. కడుపు జారుతుందన్న మాట ఎవరూ ఎత్తలేదు. వేడినీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెట్టింది. గోడకి ఆనించి కూర్చోబెట్టి, బిడ్డ మీది గుడ్డలు తీసి నా గుండెల మీద బోర్లా పడుకోబెట్టింది. ఇక వెనక నుంచి నా వీపు నిమరడం మొదలుపెట్టింది. "హో తల్లీ, హో, రామ్మా, రా" అని.

గేదెతో మాట్లాడే గొంతే అది. అచ్చం అదే. కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ నవ్వొచ్చింది. నవ్వుతుంటే భుజాలు దిగాయి. బిడ్డ మొహం అటూ ఇటూ రాసుకుని, దానంతటదే వెతుక్కుని పట్టుకుంది. కాసేపటికి నా పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది. "అమ్మో, కడుపు" అన్నాను.

"ఆఁ, చేపింది" అంది అత్తగారు.

గుటక చప్పుడు వినిపించింది. ఒకటి, ఇంకొకటి. రెండో వైపు నుంచి పాలు వాటంతటవే కారి చీర తడిసిపోయింది. మర్నాడు అమ్మ బురద కాళ్ళతో దిగేసరికి నా కూతురు కడుపు నిండా తాగి నిద్రపోతోంది.

ఆ నొప్పి ఎందుకొచ్చిందో రెండో కాన్పుకి రాయచూరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు లేడీ డాక్టరు ప్రాణాలు తోడేసి అడిగి తెలుసుకున్నాను. బిడ్డ చప్పరించినప్పుడు నరాల గుండా మెదడుకి కబురు పోతుంది. మెదడు అడుగున బఠాణీ గింజంత గ్రంథి ఒకటుంది. అది రక్తంలోకి రెండు ఆజ్ఞలు పంపుతుంది. ఒకటి పాలు తయారుచెయ్యమని, రెండోది తయారైన పాలను బయటికి నెట్టమని. ఆ రెండో ఆజ్ఞే గర్భసంచికీ అందుతుంది. అది బిగిసి ముడుచుకుంటుంది, లోపల రక్తస్రావం తగ్గుతుంది. అందుకే ఆ మెలిక నొప్పి. భయపడినా, సిగ్గుపడినా, నొప్పి పుట్టినా గుండె దడదడలాడించే రసాయనమొకటి విడుదలై ఆ రెండో ఆజ్ఞను ఆపేస్తుంది. పాలుంటాయి, దిగవు. చప్పరించేవాళ్ళు లేకపోతే మొదటి ఆజ్ఞ కూడా సన్నగిల్లిపోతుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నిష్ఠూరంగా అనే మాటే గానీ, శరీరం నడిచే తీరు కూడా అదే. బిడ్డ ఎంత అడిగితే అంత.

ఆసుపత్రి నుంచి రెండో బిడ్డతో ఇంటికొచ్చాక ఇదంతా అత్తగారికి చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. నేను కుదురుగా కూర్చుని చెప్పే రకం కాదు గదా, బిడ్డను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ, గ్రంథి, ఆజ్ఞ, పచ్చటి పాలలోని రక్షణ, అన్నీ వల్లె వేశాను. ఈ పిల్లవాడికి పుట్టిన గంటలోనే పట్టించానని గొప్పగా చెప్పాను.

ఆవిడ చెయ్యి చేటలో ఆగిపోయింది.

"అయితే ఆ పచ్చపాలు..." అంది. "పురిట్లోనే పోయిన నా పెద్దాడివి. అవి వాడివేనన్నమాట."

నేను తిరగడం ఆపాను.

"బిడ్డ పోవడానికి సవాలక్ష కారణాలుంటాయి అత్తయ్యా. ఇందువల్లేనని ఎవరూ చెప్పలేరు" అన్నాను. అది నిజమే. డాక్టరుని అడిగినా అదే చెప్పేది.

"వాడి పాలు గోడ మొదట్లో పోశాను. ఎవరూ తొక్కకూడదని పైన రాయి కూడా పెట్టాను" అంది. "ఆ ఏడు మా గేదె కూడా ఈనింది. దూడకి పట్టించాను" అంది.

బిడ్డను ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టి, చేట నా వైపు లాక్కుని, మిగిలిన బియ్యం ఏరుతూ ఆవిడ పక్కనే కదలకుండా కూర్చున్నాను.