అత్త చరణం కోసం ముల్లు సరిచేసిన వారం

నేను ఒడిశాలోని బరంపురంలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. బోర్డు మీద గీత రవ్వంత వంకర పోయినా నాకు ఆ పూట అన్నం సయించదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే, తరవాత నేను చేసిన ఘనకార్యం విన్నప్పుడు మా విద్యార్థుల మీద మీకు కాస్త జాలి కలుగుతుందని నా ఆశ.

మా మేనత్తది సముద్రం ఒడ్డున జాలర్ల ఊరు, మార్కండి. అరవై దాటి చాలా ఏళ్ళయింది. ఆవిడకు పదేళ్ళప్పుడు బడి పంతులుగారూ ఆయన భార్యా కలిసి నలుగురు ఆడపిల్లల్ని రైలెక్కించి కలకత్తా తీసుకెళ్ళి, వాళ్ళ చేత ఒక జోలపాట పాడించి రికార్డు చేయించారు. మూడు చరణాల పాట. మొదటి రెండూ నలుగురూ కలిసి పాడారనీ, చివరిది తనొక్కతే పాడిందనీ అత్త చెబుతుంది. ఆవిడ అన్న, అంటే మా నాన్న, ఒప్పుకోడు. ఆయనకు పొలసరలో ఎండుచేపల కొట్టు. "పాడిందెక్కడ? రైల్లో వాంతులు సేస్కోని లాడ్జీలో తొంగుంది" అంటాడు. పెళ్ళిళ్ళలో, బారసాలల్లో, ఎక్కడ నలుగురు చేరితే అక్కడ ఇదే మాట. రికార్డు అట్ట మీద పంతులుగారి పేరే తప్ప పిల్లల పేర్లు లేవు. ఊళ్ళో రికార్డు వేసే పెట్టె ఎవరికీ లేదు. పంతులుగారిచ్చిన ఒక్క రికార్డునూ అత్త పాత చీరలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచుకుంది. అందరితో పాటు తనూ నవ్వేసేది గానీ, ఆ మాట ఆవిడకు ఎంత గుచ్చుకునేదో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

మొన్న చలికాలంలో నేనొక పాత రికార్డు ప్లేయర్ కొన్నాను. వార్త మార్కండి చేరిన మర్నాడే అత్త బస్సు దిగింది. ఒక చేతిలో రొయ్యల సంచి, రెండో చేతిలో చీరమూట.

"మీ నాన్నకి ఫోన్ కొట్రా. అన్నియ్య ఇనాల" అంది, ఇంకా గుమ్మంలో ఉండగానే.

ఆదివారం నాన్న వచ్చి కాలు మీద కాలేసుకుని జడ్జిలా కూర్చున్నాడు. రెండు చరణాలు బాగానే వచ్చాయి. మూడోది వచ్చేసరికి ముల్లు రికార్డు మధ్యకు దగ్గరపడింది. అంతే, పాట కాస్తా బుసబుసమంటూ పగిలిపోయింది. మాట ఒక్కటీ తెలియలేదు.

"ఇదేటే, పాటా, మూకుట్లో సేపలా?" అని నాన్న తొడ చరిచి మరీ నవ్వాడు.

అత్త రికార్డును మళ్ళీ చీరలో చుట్టేసి, వంటింట్లోకి వెళ్ళి రొయ్యలు ఒలుచుకుంటూ కూర్చుంది. నాన్న మీద నాకు ఒళ్ళు మండింది. అంతకన్నా ఎక్కువ నా మీద నాకే మండింది. ఆ పెట్టె నాది మరి.

తప్పు రికార్డుది కాదని తేలడానికి రెండు రోజులు పట్టింది. వేరే రికార్డులు వేసినా చివరి పాట అలాగే పగిలింది. ముల్లు ఉండే చిన్న డబ్బీని కార్ట్‌రిడ్జి అంటారు. ప్లేయర్ చెయ్యి కొసన దాన్ని రెండు బుల్లి మరలతో బిగిస్తారు. ఆ మరలు వదులు చేసి, వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపి, సరైన చోట మళ్ళీ బిగించాలి. లేకపోతే దెబ్బంతా లోపలి చుట్ల మీద పడుతుంది. అంటే సరిగ్గా మా అత్త చరణం మీద.

దీనికి చుక్కలూ గీతలూ ఉన్న ఒక కాగితం నెట్‌లో దొరికింది. కాలేజీ ఎదుట జెరాక్సు కొట్లో ప్రింటు తీయించాను. దాన్ని ప్లేయర్ పళ్ళెం మీద పరిచి, ముల్లును చుక్క మీద దించి, కార్ట్‌రిడ్జి అంచులు గీతలకు సమాంతరంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. రెండు చుక్కల దగ్గరా కుదిరితే పని అయినట్టే. సమాంతర రేఖలు! ఇరవై ఏళ్ళుగా నేను తింటున్న అన్నం అదే. చొక్కా చేతులు మడిచి కూర్చున్నాను.

మూడు సాయంత్రాలు కూర్చున్నాను. ఒక చుక్క దగ్గర కుదిరితే రెండో దగ్గర కుదరదు. ఒక మర కింద పడితే అత్త నేలంతా అరచేత్తో తడిమి వెతికి ఇచ్చింది. చివరికి ఎలాగో కుదిరిందనిపించి వేరే రికార్డు వేసి చూస్తే చివరి పాట మునుపటికన్నా ఘోరంగా వచ్చింది. ముల్లును తిట్టాను, మరల్ని తిట్టాను, ప్లేయర్ అమ్మినవాణ్ణి తిట్టాను. అత్త మాత్రం ఊరికి వెళ్ళలేదు. సరయ్యేదాకా తన రికార్డు మీద ముల్లు పెట్టొద్దని షరతు పెట్టి, పక్కనే పీట వేసుకుని చూస్తూ ఉంది.

నాలుగో రోజు అడిగింది. "ఈ కాయితం కొలత ఎవులు సూసినారు?"

"చూసేదేముంది అత్తా? కంప్యూటర్‌లోంచి వచ్చింది."

"మావోళ్ళు వల అల్లినపుడు కన్నులన్నీ ఒక్కలాగ రావాలని మద్దిన సెక్కముక్కెడతారు. ఆ సెక్క తప్పయితే నువ్వెంత బాగా అల్లు, వలంతా తప్పే. ముందు సెక్కని సూడాల. స్కేలెట్టు."

కాగితం అడుగున ఒక గీత గీసి పది సెంటీమీటర్లని రాసి ఉంది. స్కేలు పెట్టాను. పదిన్నర దాటింది. స్కేలునే అనుమానించి ఇంకోటి తెచ్చాను. అదీ అదే చెప్పింది. అత్త ఆ కాగితం మడిచి నా జేబులో పెట్టింది. తిట్టినా బాగుండేది.

"గీతలు సిన్నగా ఉన్నాయి సార్. మీకు కనపడవని పేజీ నిండా వొచ్చినట్టు పెద్దది సేసినాను" అన్నాడు జెరాక్సు కొట్టాయన ఎంతో ప్రేమగా. అలాంటి మనిషిని ఏమని తిట్టను? ఉన్నదున్నట్టు తియ్యమన్నాను. "హోయిగలా సార్, అయిపోనాది" అని నిమిషంలో చేతిలో పెట్టాడు. ఈసారి అక్కడే నిలబడి స్కేలుతో కొలిచాను. జెరాక్సు కోసం నా వెనక వరసలో నిలబడ్డ మా విద్యార్థులు ముసిముసిగా నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వుకోనీ.

కొత్త కాగితంతో అరగంటలో పని తేలిపోయింది.

ఆదివారం నాన్న మళ్ళీ వచ్చాడు, రొయ్యల కూర కోసమే వచ్చానంటూ. అత్త చీర విప్పి రికార్డు నా చేతికిచ్చింది. నాకు భయంగా ఉంది. ఈసారి కూడా పాట పగిలితే ఆవిడ ఇక జన్మలో ఆ ఊసెత్తదు.

మొదటి చరణం. రెండోది. తరవాత హార్మోనియం ఒక్కటే కాసేపు వాయించారు. అది పూర్తికాకముందే, తొందరపడి ఒక పిల్ల గొంతు ఒంటరిగా అందుకుంది. ఒక్క మాట కూడా చెదరలేదు. చివరి అక్షరం దాకా వినిపించింది.

నాన్న కాలు మీది కాలు దించాడు. పాట అయిపోయింది.

"నువ్వేనే" అన్నాడు.

నాన్న కుర్చీ చెల్లెలి వైపు జరుపుకున్నాడు.

"నాకు అప్పుడే తెల్సు. నిన్ను తీస్కెల్లినారు, నన్ను రైలెక్కించలేదు. ఆ కడుపుమంటకి అలాగనేసినాను. మరింక మానలేకపోనాను."

మా నాన్న నోట అలాంటి మాట నేనెన్నడూ వినలేదు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి కనపడకుండా, పాట మళ్ళీ వేద్దామని లేచి ముల్లు ఎత్తాను.

"ఉండ్రా, పాట తరవాత" అంది అత్త. కొంగుతో మొహం తుడుచుకుని అన్న వైపు తిరిగి కూర్చుంది.

"అన్నియ్యా, పాటవ్వగానే అన్నావు కదా, ఆ మాట ఇంకోపాలి అను."