చిన్నాన్న బండికి పందిరి గుడ్డ

మా మనవరాలూ దాని మొగుడూ కలిసి ఈమధ్య ఒక కారవాన్ కొన్నారు. కారు వెనక తగిలించుకొని లాక్కుపోయే ఇల్లన్నమాట, అందులోనే మంచం, పొయ్యి, చిన్న బీరువా అన్నీ ఉంటాయి. ఇక్కడ ఇపో ఊళ్ళో నిక్షేపంలాంటి ఇల్లు పెట్టుకొని, సముద్రం ఒడ్డున ఎవరిదో స్థలం ఒక సీజనంతా అద్దెకు తీసుకొని, అక్కడ ఈ డబ్బాను నిలబెట్టి శనాదివారాలు అందులో ఉండి వస్తారట. ఉండనివ్వండి, నాకేం. కాని ఆ డబ్బా ముందు ఎండా వానా పడకుండా ఒక గుడ్డ పందిరి వేయాలట, దాన్ని ఎంచడానికి నన్ను కూడా దుకాణానికి తీసుకుపోయారు. బూడిద రంగు, నీలం, ఆకుపచ్చ, చివరికి ముదురు ఎరుపు. మనవరాలు ఆ ఎర్రగుడ్డ అంచు పట్టుకొని, "అమ్మమ్మా, ఇది చాంటిక్ లా, ఏటంటావు?" అంది. అందంగా ఉంది కదా అని అడగడం. దానికొచ్చిన తెలుగు అంతే, అందులోనూ సగం మలాయి. నేను "ఎరుపు వద్దు" అని ఎంత గట్టిగా అన్నానో, దుకాణంవాడు తలెత్తి చూశాడు. ఎందుకని అడిగారు గాని చెప్పలేదు. చెప్పాలంటే ముందు తెల్లదొరల కాలంలో ఈ మలయాలో పెట్టిన ఎమర్జెన్సీ అంటే ఏమిటో చెప్పాలి, అడవిలో కమ్యూనిస్టులు, రోడ్డు మీద సైన్యం, మధ్యలో మనం ఎలా బతికామో చెప్పాలి, అంతసేపు వినే ఓపిక వాళ్ళకెక్కడిది? మీకైతే అంత కష్టం అక్కర్లేదు. ముళ్ళతీగ కంచె వెనకాల పెరిగినవాళ్ళు మీలో ఎంతోమంది ఉన్నారని నాకు తెలుసు.

మా నాన్న సుంగై సుమున్ వైపు ఒక కొబ్బరి తోటలో కిరాణి, అంటే తోట ఆఫీసులో గుమాస్తా. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న తమ్ముడు, అంటే మా చిన్నాన్న, మాతోనే ఉండేవాడు. ఒకచోట కూర్చోలేని మనిషి, కాళ్ళల్లో చక్రాలున్నాయని నాన్న విసుక్కునేవారు. అందరూ పనికిరాదని పారేసిన ఒక పాత బస్సును కొని, సీట్లు పీకేసి, బల్లలు కొట్టించి, అందులో చీరలు, రవికె గుడ్డలు, గాజులు, దువ్వెనలు పెట్టుకొని తోటతోటకూ తిరిగి అమ్మేవాడు. నాకు పదిహేడో ఏడు నడుస్తుండగా ఆయనకు పెళ్ళయింది. వచ్చిన పిన్ని నాకంటే రెండుమూడేళ్ళు పెద్దదేమో, అంతే, అందుకని మేమిద్దరం పిన్నీ కూతుళ్ళలా కాకుండా అక్కాచెల్లెళ్ళలా ఉండేవాళ్ళం. అప్పటికే రోడ్లు పాడయ్యాయి. గుంతలు పడి కాదు, భయం పడి. తోట లైన్లన్నిటినీ, అంటే కూలీల ఇళ్ళ వరసలను, ఒకచోటికి చేర్చి చుట్టూ కంచె వేశారు, సాయంత్రమైతే గేటు మూసేసేవారు, బియ్యం కొలిచి ఇచ్చేవారు, తిరుగుడు వ్యాపారస్తులు అడవిలో వాళ్ళకు సరుకులు అందిస్తున్నారని పోలీసులకు అనుమానం. అందుచేత నాన్న తోట దొరను బతిమాలి, వచ్చే దీపావళిదాకా ఆ ఒక్క సీజనుకు, గేటు బయట రోడ్డు పక్కన చిన్నాన్న బండి నిలుపుకోవడానికి అనుమతి తెచ్చారు. పగలు బండి దగ్గర దుకాణం, చీకటి పడకముందే కంచె లోపలికి, మా ఇంటికి. ఎదురుగా రోడ్డు, రోడ్డుకు అవతల నాలుగు వరసల కొబ్బరి చెట్లు, వాటి వెనక చిత్తడి అడవి. ఆ అడవివైపు చూడటానికే మాకు మనసొప్పేది కాదు.

కదిలే బండికి నీడ అక్కర్లేదు గాని నిలబడ్డ బండికి కావాలి. ఆ కొనుగోలు కోసం నాన్న, చిన్నాన్న, నేను ముగ్గురం తెలుక్ ఆన్సన్ వెళ్ళాం, ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్నారే, అదే. ఆ గుడ్డ కుట్టవలసింది నేనూ నా మిషనూ కనుక నన్నూ తీసుకుపోయారు. చీనావాడి దుకాణంలో సైన్యం వాడి వదిలేసిన ఆకుపచ్చ కాన్వాసు గుట్టగా పడి ఉంది, గట్టిది, చుక్క నీరు దిగదు. చిన్నాన్న దాన్ని పట్టుకొని వదల్లేదు. నాన్న చెవి దగ్గరికి వచ్చి ఏదో అన్నారు, నాకు వినపడింది. అలాంటి గుడ్డ కప్పుకొని పోతున్న లారీని సైన్యందనుకొని ఆ ముందటి నెలలోనే అడవిలోవాళ్ళు కాల్చారట, తీరా చూస్తే లోపల కొబ్బరికాయలు. సరే, నీలం చూద్దామంటే అది పోలీసు బండ్ల రంగని నాన్న మళ్ళీ గుడ్లురిమారు. చిన్నాన్నకు ఒళ్ళు మండి, "అయితే ఏటన్నా, గుడ్డ లేకండా మొలతాడుతో కూకోమంటావా?" అన్నాడు. చీనావాడికి ఏం అర్థమైందో గాని వాడు కూడా నవ్వాడు. చివరికి ఎవరికీ చెందని రంగని తెల్లది కొన్నాం. మీరు నవ్వుతారేమో, ఒక గుడ్డ రంగు ఎంచడానికి అంతసేపు ప్రాణభయంతో నిలబడిన రోజులవి.

ఇంటికి తెచ్చి విప్పగానే పిన్ని మొహం మాడిపోయింది. బావగారితో ఎదురుపడి మాట్లాడే మనిషి కాదు, ఆయన ఉండగా మొగుడితోనైనా సరే పలికేది కాదు, ఏదున్నా నాతో చెప్పి వాళ్ళకు వినిపించేది. "బతికున్న మనిషి నెత్తిన ఉత్త తెల్లగుడ్డ ఏటమ్మా? మీ నాన్నగారికి సెప్పు" అంది. నాన్న గదిలోనే ఉన్నారు, విన్నారు. కొత్త గుడ్డ అంచులకు పసుపు రాయకుండా మన ఇళ్ళల్లో ఎవరం కడతాం చెప్పండి? పిన్ని అంచులతో ఊరుకోలేదు. నేను మడతలు కుట్టి, తాళ్ళు దూర్చే కన్నాలు కట్టి ఇచ్చాక, శుక్రవారం పూట పెద్ద అండాలో పసుపు కలిపి గుడ్డ మొత్తం ముంచి తీసింది. ఆరాక అది పెళ్ళిపందిరిలా ఉంది. చిన్నాన్న దాని కింద కూర్చొని కాళ్ళూపుతూ, కొబ్బరి కోతకు వెళ్ళొచ్చే ఆడవాళ్ళకు గాజులు తొడుగుతుంటే, నిజం చెప్పొద్దూ, ఆ కొద్ది వారాలు మాకు ఎమర్జెన్సీ గుర్తే లేదు. అయితే కొన్ని పొద్దులు బండి వెనక బురదలో అడుగులు కనబడేవి. సైనికుల బూట్ల అడుగులు కావు. అవి మేం చూశామని ఒకరితో ఒకరం అనుకోలేదు.

వానలు మొదలవగానే గుడ్డ కారడం మొదలైంది. ముందు సబ్బు నీళ్ళల్లో నానబెట్టి ఆరేసి, తరవాత పటిక నీళ్ళల్లో ముంచితే కాన్వాసు నీరు పట్టదని చీనావాడు చెప్పాడట. ఒక పండగ రోజు నేనూ పిన్నీ కంచె లోపలి గుడికి వెళ్ళి ఉండగా, ఇంట్లో ఉన్న అన్నదమ్ములిద్దరికీ ఆ పని చేసేద్దామని బుద్ధి పుట్టింది. జన్మలో ఒక తువ్వాలైనా ఉతికి ఎరగని మగవాళ్ళు. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో మన ఇళ్ళల్లో పలకా బలపం పట్టని ఆడపిల్లకు కూడా తెలుసు, వాళ్ళకు తెలియదు. మేం ప్రసాదం పట్టుకొని వస్తుంటే, గేటు పక్క కంచె మీద, రోడ్డుకూ అడవికీ ఎదురుగా, పొడుగునా ఎర్రటి గుడ్డ ఆరేసి ఉంది. గాలికి ఎగురుతోంది.

ఆ కాలంలో ఎరుపంటే ఎవరి రంగో మీకు చెప్పక్కర్లేదు. ఎర్రచీర కట్టి గేటు దాటడానికి కూడా మా తోట ఆడవాళ్ళు జంకేవారు. పిన్ని అక్కడే నిలబడిపోయి, మొదటిసారి బావగారి ముందు మొగుడితో గొంతెత్తి మాట్లాడింది. "ఏటి సేసినారిది?" అంది. "వోన కారకండా సబ్బేసినాం. ఎర్రగైపోయింది, ఆరితే పోద్దిలే" అన్నాడు చిన్నాన్న. పొద్దుటినుంచి అలాగే ఆరేసి ఉందట. లైన్లలో తలుపులన్నీ మూసి ఉన్నాయి, పండగపూట ఒక్క పిల్ల బయట లేదు.

గేటు దగ్గర కాపలా ఉండే మలాయి కార్పోరల్ తుపాకీ పట్టుకొని వచ్చాడు. పిన్ని గబగబా లోపలికి పోయి, చేతిలో పసుపు ముద్ద తెచ్చి, దానిమీద సబ్బు రుద్ది అరచెయ్యి చూపించింది. అది ఎర్రబడటం చూసి అతను ఒక్కసారి నవ్వేశాడు. "కున్యిత్! కున్యిత్ లా!" అన్నాడు. పసుపును వాళ్ళు అలాగే అంటారు, వాళ్ళమ్మ వంటింట్లో చూసే ఉంటాడు. నవ్వుతూనే అడవివైపు ఒకసారి చూసి, వెంటనే తీసేయమని చెయ్యూపాడు. మేమిద్దరం చింతపండు పిసికి ఆ నీళ్ళు పోశాం, పులుపుకు ఎరుపు విరిగి మళ్ళీ మచ్చమచ్చలుగా పసుపు తేలింది. పోలీసుల గండం గడిచిందని ఆ రాత్రి అందరం కడుపునిండా తిన్నాం. రోడ్డుకు అవతలవాళ్ళకు ఎవరు చెప్తారు, ఎవరు అరచెయ్యి చూపిస్తారు అన్నది మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆ వారంలోనే, పట్టపగలు, సైకిళ్ళ మీద ఇద్దరు మనుషులు బండి దగ్గర దిగారు. నేనూ పిన్నీ కంచె లోపల మా ఇంటి అరుగు మీద బియ్యం ఏరుతున్నాం. వాళ్ళు ఏమీ కొనలేదు. ఒకడు పందిరి గుడ్డ అంచు పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు. చిన్నాన్నతో ఏదో మాట్లాడారు, ఆయన తల గోక్కున్నాడు, నవ్వాడు, చేతులతో ఏదో రుద్దినట్టు చూపించాడు. తరవాత మావైపు తిరిగి, "ఇప్పుడే వత్తాను, టీ నీల్లెట్టండి" అని కేకేసి, వాళ్ళతో రోడ్డు దాటి కొబ్బరి చెట్ల మధ్యకు వెళ్ళాడు. పిన్ని నీళ్ళు పెట్టింది. మరిగాయి. మళ్ళీ పోసి మళ్ళీ మరిగించింది. చిన్నాన్న రాలేదు.

ఆయన అడవిలోవాళ్ళతో కలిసిపోయాడని పోలీసులన్నారు, నాన్నను పిలిపించి ఎన్నోసార్లు అడిగినదే అడిగారు. తమ ఎర్రజెండాను అడ్డం పెట్టుకొని తమవాళ్ళను పోలీసుల వలలో వేయడానికే ఆ గుడ్డ కట్టాడని అనుమానించి అడవిలోవాళ్ళే చంపేశారని లైన్లలో అనుకున్నారు. ఏది నిజమో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. నాన్న ఆ తరవాత సబ్బు చేత్తో ముట్టుకోలేదు, శనగపిండితో స్నానం చేసేవారు. నాకు మాత్రం ఈ వయసులో కూడా కోపమే వస్తుంది. మొగుడు చల్లగా ఉండాలని ఒక పిల్ల అద్దిన పసుపును జెండాగా చూసే కాలం ఒక కాలమా?

దీపావళి వచ్చింది, సీజను అయిపోయింది, బండి తీసేయమని దొర కబురు చేశాడు. పిన్ని నన్ను పిలిచి, "తియ్యొద్దని సెప్పమ్మా. తీసేత్తే ఆయనెక్కడికి రావాల?" అంది. నాన్న ఏం చెప్పుకున్నారో, దొర ఊరుకున్నాడు. ఆమే రోజూ వెళ్ళి దుకాణం తెరిచి, ఆ వెలిసిన పందిరి కింద రోడ్డువైపు మొహం పెట్టి కూర్చునేది. సాయంత్రం లోపలికొచ్చేది. తోట ఆడవాళ్ళు గాజులు కొంటూ ఆమె నుదుటి బొట్టు వైపు చూసేవారు, చూసి మళ్ళీ చూపు తిప్పుకునేవారు. విమానం వచ్చి, లొంగిపోయినవాళ్ళకు క్షమాభిక్ష ఉందని కాగితాలు చల్లినప్పుడల్లా పిన్ని రెండు రోజులు తిండి సరిగా తినేది కాదు.

మెర్డెకా, అంటే స్వతంత్రం, వచ్చిన రోజు తోటంతా లారీలెక్కి తెలుక్ ఆన్సన్ మైదానానికి పోయింది. కొత్త జెండాలు, పిల్లల చేతుల్లో కాగితం జెండాలు, జనం గొంతులు, నేనూ వెళ్ళాను, నేనూ అరిచాను, ఆ సంతోషం అబద్ధమని ఎందుకంటాను? పిన్ని రాలేదు. దేశానికి స్వతంత్రం వస్తే అడవిలోవాళ్ళందరినీ వదిలేస్తారని ఎవరో అన్నారట. తలంటుకొని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొని, పొద్దుటినుంచి పందిరి కింద కూర్చుంది. మేం జెండాలు పట్టుకొని తిరిగొచ్చేసరికి అలాగే ఉంది. మమ్మల్ని చూసి లేచి, అందరికీ ఆకలేస్తుందేమో అంటూ లోపలికి నడిచింది.

నాకు పెళ్ళయి ఇపో వచ్చేటప్పుడు ఆమెను బలవంతాన వెంట తెచ్చుకున్నాను. నా పిల్లల్ని ఆమే పెంచింది. పన్నెండేళ్ళు దాటితే మనిషి లేనట్టే లెక్క, కర్మ చేసేద్దామని నాన్న పెద్దవాళ్ళతో అనిపిస్తే, "నాను సూడనిది నాను నమ్మను" అని మళ్ళీ నాతోనే చెప్పించింది. పెళ్ళిళ్ళలో ముత్తయిదువులకు తాంబూలం ఇచ్చేటప్పుడు కొందరు ఆమె ముందు ఆగేవారు, కొందరు ఆమెను దాటి పోయేవారు. ఆమె ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి బొట్టు మాత్రం పెట్టుకునేది.

ఆమె పోయినరోజు, స్నానం చేయించేముందు, ఆడవాళ్ళందరూ ఆగిపోయి నావైపు తిరిగారు. ముత్తయిదువుగా పంపాలా, కాదా? అప్పటికి ఆ మాట చెప్పగల పెద్దదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టి, గాజులు తియ్యకుండా పంపమన్నాను. ఇప్పుడు మా వీధిలో ఎవరైనా పోతే కంపెనీవాళ్ళు వచ్చి అన్నీ వాళ్ళే చూసుకుంటారు, ఫోటో ఏదో, బండి ఎన్ని గంటలకో అడుగుతారు. ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేరు, మంచిదే, ఏ ఆడదానికీ అలాంటి ప్రశ్న రాకూడదు. కాని ఆరోజు అంతమంది నా మాట కోసం చూశారే, నేను చెప్పింది నిజమో అబద్ధమో నాకు ఈరోజుకీ తెలియదు, తెలిసినవాడు మాత్రం టీ తాగడానికి ఇంకా రాలేదు.