మా వదిన ప్రతిభకు సాక్ష్యాలు

మేము ముగ్గురం బుర్రకథ చెబుతాం. నడుమ తంబూరా భుజానేసుకుని కథ నడిపేది నేను. నాకు కుడి పక్కన గుమ్మెట వాయిస్తూ లోకం సంగతులు చెప్పేవాడు మా అన్న. ఎడమ పక్కన నిలబడి నా మాటకు అడ్డం పడుతూ నవ్వించేది అన్న భార్య, మా వదిన. ఇట్లా పక్కన నిలబడే ఇద్దరినీ వంతలంటారు. జహీరాబాద్ చుట్టుపక్కల వినాయక మండపాలు, బడి వార్షికోత్సవాలు, సర్కారు ప్రచారాలు, ఎక్కడ పిలిస్తే అక్కడికి పోయి చెప్పి వచ్చేవాళ్లం.

అమెరికాలో నాటకం నేర్పే ఒక కాలేజీ వాళ్లు మా వీడియో ఏదో చూసి, కొన్నాళ్లు వచ్చి ప్రదర్శనలిచ్చి తమ విద్యార్థులకు నేర్పమని పిలిచారు. అందుకు కావలసిన వీసాకు ఒక షరతు ఉంది. ప్రధాన కళాకారిణికి అసాధారణ ప్రతిభ ఉందని రుజువు చెయ్యాలి. మిగతా ఇద్దరూ, తాము లేకపోతే ఆమె పని జరగని సహాయకులుగా వెంట వెళ్లవచ్చు. ప్రధాన కళాకారిణి నేనేనని ఎవరూ వేరే చెప్పనక్కర్లేకపోయింది.

ఆ వీసా దరఖాస్తు పని చూసే లాయరమ్మ అమెరికాలోనే ఉంటుంది. పుట్టిల్లు కాకినాడ వైపు. వీడియో కాల్‌లో నవ్వుతూ పలకరించింది.

"మేడమ్, మీరు అసాధారణమైన కళాకారిణి అని మనం వాళ్లను ఒప్పించాలండీ."

"నా గురించి నేనే ఎట్ల చెప్పుకోవాలమ్మా? సిగ్గయితది."

"మీరు చెప్పక్కర్లేదండీ. పేపర్లు చెప్పాలి, అవార్డులు చెప్పాలి, మిమ్మల్ని చూసినవాళ్లు చెప్పాలి."

పెట్టె తెరిచి పేపరు ముక్కలు తీశాను. ప్రతి ఫొటోలో ముఖ్య అతిథి నిండుగా ఉన్నాడు. నాకు శాలువా కప్పుతున్న ఫొటోలో శాలువా ఉంది, నా మోచేయి ఉంది. ఇంకోదాంట్లో నన్ను భజన బృందం అని రాశారు. షీల్డుల మీద అక్షరాలు సగం ఊడిపోయాయి. వాటిని కెమెరా ముందు పెడితే లాయరమ్మ కాసేపు చూసి, "చూసినవాళ్ల దగ్గరికే వెళ్దామండీ" అంది.

మా కథ విన్నవాళ్ల చేత నాలుగు మాటలు రాయించుకు రావడానికి అన్నా నేనూ బండి మీద బయల్దేరాం. వదిన ఇంట్లో అల్లం ఆరబోసుకుంటూ ఉండిపోయింది.

మొదట రాయికోడ్. రిటైరయిన హెడ్‌మాస్టరు ఒకాయన తన బడిలో మా చేత కథ చెప్పించాడు. "మీ గురించి గాక ఇంకెవరి గురించి రాస్తనమ్మా" అంటూ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. కలం పట్టుకుని ఆలోచించాడు. ఆలోచిస్తుండగానే నవ్వుకు ఆయన పొట్ట కదలడం మొదలయింది. తర్వాత భుజాలు.

"ఆ దినం నీ కథల రాణి కత్తి పట్టి గుర్రమెక్కింది. నువ్వు మంచి ఊపు మీదున్నవ్. మీ వదినె ఏమన్నది? పోతే పోయినవ్ గానీ రాణమ్మా, పొయ్యి మీద పప్పు ఎవరు జూస్తరు?" ఆయన అచ్చం వదినలాగే నడుం మీద చెయ్యి పెట్టి చూపించాడు. లోపలినుంచి ఆయన భార్య కూడా నవ్వింది.

రాసిచ్చిన కాగితంలో నా గురించి రెండు వాక్యాలున్నాయి. మిగతాదంతా వదినే.

కోహీర్‌లో జామతోట దగ్గర కాయలు గంపలకెత్తుతున్న ఆడవాళ్లు మమ్మల్ని గుర్తుపట్టారు. మరుగుదొడ్లు కట్టుకొమ్మని సర్కారు వాళ్లు చెప్పించిన కథ వాళ్లు విన్నారు. అందులో వదిన అత్త వేషం కట్టి, కొత్తగా కట్టిన మరుగుదొడ్డి గది చూసి, "గింత మంచి అర్ర మేకకు గాక మనకెందుకే?" అనేది.

"మా అత్త గూడ అండ్ల మేకనే కట్టేసేది," అందొకావిడ. "ఆ మాటకు అందరు పడి పడి నవ్విన్రు. మా అత్తకు సిగ్గయింది. తెల్లారే మేకను బైట కట్టేసింది." ఆ మాటే కాగితం మీద రాయించుకున్నాం.

చిరాగ్‌పల్లిలో హైవే పక్క హోటలాయన చాయ్ పెట్టి, నన్ను దాటి బండి వైపు చూశాడు. "గా నవ్వించే అక్క రాలేదా?"

నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. ఇన్నేళ్లూ కథంటే నాదనీ, నేను ఊపిరి పీల్చుకునేందుకు వదిన నడుమ ఒక మాట వేస్తుందనీ అనుకుంటూ వచ్చాను. తిరిగి వస్తుంటే అన్న అడిగాడు.

"ఏందే, సప్పుడు చేస్తలేవ్?"

"అన్నా, మనం ఎవరి కోసం తిరుగుతున్నం?"

"నీ కోసమే గదా."

"కాదన్నా. వదిన కోసం."

అన్న బండి పక్కకు ఆపాడు. వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో అతనికి తెలియలేదు. హెడ్‌మాస్టరు నడుం మీద చెయ్యి పెట్టిన తీరు గుర్తొచ్చి నిజంగానే నవ్వొచ్చింది. అన్న కూడా నవ్వాడు. రోడ్డు పక్కన ఇద్దరం అట్లా నవ్వుతుంటే చెరకు ట్రాక్టరు మీద పోతున్నవాళ్లు చెయ్యి ఊపారు.

ఆ సాయంత్రమే లాయరమ్మకు కాగితాలన్నీ చదివి వినిపించి, దరఖాస్తు వదిన పేరు మీద పెట్టమన్నాను.

"మేడమ్, ఇదేనండీ నాకు కావలసింది," అందామె. "గొప్ప కళాకారిణి అని అందరూ రాస్తారు. ఒక మాట విని మరుగుదొడ్లో మేకను బయట కట్టారని ఎవరు రాస్తారు?"

వదినకు చెబితే అల్లం ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఎగతాళి చేస్తున్నామనుకుంది.

"నేనేంది, అసాధారణమేంది? నడుమ నడుమ అడ్డం మాట్లాడుడే గదా నా పని!"

"గట్ల మాట్లాడుడు మాకెవరికి రాదు వదినా."

"నువ్వు రాకుంటే నేను పోను పిల్లా. ఎవరి మాటకు అడ్డం పడాలె?"

"నేను నీకు సహాయకురాలిగ వస్త."

"అయితే పెట్టె నువ్వే మొయ్యాలె," అని అల్లం తరగడం మొదలుపెట్టింది.

దరఖాస్తు పోయింది. కొన్నాళ్లకు అమెరికా వీసా ఆఫీసు నుంచి ప్రశ్న వచ్చింది. నడుమ నడుమ హాస్యం చెప్పే మనిషిది ప్రధాన పాత్ర ఎట్లా అవుతుందో వివరించమన్నారు. లాయరమ్మ బాగా ఆలోచించి, మళ్లీ ఒక కథ చెప్పమనీ, ఈసారి కెమెరా జనం వైపు కూడా తిప్పమనీ అంది.

కోహీర్ తోటలోనే ఒక మధ్యాహ్నం చెప్పాం. ఒక ఫోను మా వైపు, ఒకటి జనం వైపు. తర్వాత చూసుకుంటే నాకే ఆశ్చర్యమేసింది. నేను పాడుతున్నప్పుడు జనం బుద్ధిగా వింటున్నారు. వదిన పెదవి కదిపేలోపే ముందుకు వంగుతున్నారు. ఆమె మాట అనగానే వరసలు వరసలుగా ఊగిపోతున్నారు. ఒక ముసలమ్మ పక్కామె వీపు మీద చరిచి మరీ నవ్వింది. నేను మళ్లీ కథ అందుకోగానే అందరూ కళ్లు తుడుచుకుని, ఆ నవ్వు ముఖాలతోనే రాణి కోసం దిగులుపడ్డారు. ఆ దిగులు పుట్టించింది నేనే. కాని వాళ్ల మనసులను మెత్తబరిచి నా చేతికిచ్చింది వదిన.

ఆ వీడియోకు కింద ఇంగ్లీషు మాటలు వేసి పంపారు. దరఖాస్తు మంజూరయింది. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ చేసిన ఆఫీసరు, మీరు ఏం చేస్తారని వదినను అడిగాడు. "ఈమె చెప్తుంటే నేను ఆపుత" అని నన్ను చూపించింది. ఆయన పక్కనున్న తెలుగు తెలిసినామె అది ఇంగ్లీషులో చెప్పగానే, ఆఫీసరు నావైపు జాలిగా చూసి నవ్వాడు.

అక్కడ కాలేజీలో మొదటి క్లాసు నాకు బాగా గుర్తు. విద్యార్థులు నేలమీద గుండ్రంగా కూర్చున్నారు. నేను కథ మొదలుపెట్టాను. నడుమ ఎవరైనా ఒక మాట అడ్డం వెయ్యమని వదిన చెప్పించింది. పాపం, ఎంతో మర్యాదగల పిల్లలు. ఒక్కరూ నోరు మెదపలేదు. ఎర్రజుట్టు పిల్ల ఒకతి మాట్లాడవచ్చా అన్నట్టు చెయ్యి పైకెత్తింది. వదిన లేచి వెళ్లి, అడ్డం పడేందుకు అడగడమెందుకన్నట్టు ఆ చేతిని మెల్లగా కిందికి దించి, ఆ పిల్ల పక్కనే నేలమీద కూర్చుంది.