మా నాన్న దాటిన పొలిమేర

మార్గళి నెల చలిలో తల్లిలేని బిడ్డను మోటారుబండిలో వేసుకుపోయి చెరువుగట్టున పడుకోబెట్టినవాడు. ఒర్లియంపేటలో మా నాన్న మునుసామి పేరెత్తితే ఇప్పటికీ మొదట వచ్చే మాట ఇదే. ఫ్రెంచి దొరలు మా పుదుచ్చేరిని ఏలిన కాలం నాటి సంగతి ఇది. ఆయన బతుకంతా మిల్లులో నూనె మరకల మధ్య పనిచేశాడు. ఒకరి సొమ్ము ముట్టలేదు, ఒకరిని పల్లెత్తు మాట అనలేదు. అవేవీ ఎవరికీ గుర్తు లేవు. ఆ చలి ఒక్కటే గుర్తుంది. ఆ బిడ్డ నేనే, శివగామిని. నీకు చలి వేసిందా అని ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు నన్ను అడిగిన పాపాన పోలేదు.

మిల్లులో ఇంజన్లు చూసే దొర ఒకడు తన దేశానికి ఓడ ఎక్కుతూ తన పాత మోటారు సైకిలును నాన్నకు ఇచ్చేసి పోయాడు. అది చెడిపోయినప్పుడల్లా బాగుచేసింది నాన్నే. దానికి పక్కన ఒక మనిషి కూర్చునేంత తొట్టి ఉండేది. అందుకని వీధిలో అందరూ దాన్ని తొట్టిబండి అనేవారు. కూలివాడికి దొర బండి ఏమిటని కొందరు, దొంగిలించి ఉంటాడని కొందరు. ఎదురుగా వచ్చి అడిగే ధైర్యం లేదు గాని, అరుగుల మీద చేరి చెవులు కొరుక్కోవడానికి మాత్రం కావలసినంత తీరిక ఉండేది. సాయంకాలాలు నాన్న అమ్మనూ నన్నూ ఆ తొట్టిలో ఇరికించి సముద్రం ఒడ్డు దాకా తిప్పి తెచ్చేవాడు. అమ్మ నవ్వుతూ కొంగు గట్టిగా పట్టుకునేది.

నా తొమ్మిదో ఏట, ఆవణి నెలలో జ్వరం వచ్చి అమ్మ పోయింది. అమ్మను కన్నతల్లి పాప్పాత్తి అవ్వ బాహూరు నుంచి వచ్చింది. కర్మలు అయ్యాక నన్ను బాహూరు తీసుకెళ్ళి కొన్నాళ్ళు ఉంచుకుంది. మళ్ళీ తనే వెంటబెట్టుకు వచ్చి మా ఇంట్లో తిష్ట వేసింది. ఇక అప్పటినుంచి ఒకటే పోరు. ఒంటి మగవాడు ఆడపిల్లను ఎట్లా పెంచుతాడు, నాతో పంపు అని. నాన్న పంపనన్నాడు. తగువు మావాళ్ళ పెద్ద దురైసామి తాత ముందుకు పోయింది.

దురైసామి తాత తేల్చింది ఇది. తల్లి పోయిన ఏడాది లోపల బిడ్డను ఊరి పొలిమేర దాటించకూడదు, దాటిస్తే పోయిన తల్లి బిడ్డను వెతుక్కుంటూ వెంటపడుతుంది. పొలిమేర అంటే మావాళ్ళ లెక్కలో ఫ్రెంచి ఏలుబడి ముగిసే చోటు. ఏడాది తద్దినం దాకా ఈ కట్టు తప్పకపోతే బిడ్డ తండ్రి దగ్గరే ఉంటుంది. తప్పితే అవ్వతో పోతుంది. నాన్న వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ఒట్టు వేశాడు.

అమ్మ పోయినప్పటినుంచి నేను మాట్లాడడం మానేశాను. అవ్వ దిష్టి తీయించింది, తాయెత్తు కట్టించింది. ఏదీ పనిచేయలేదు. నాలుగు నెలలు గడిచి మార్గళి వచ్చింది. పొద్దు గుంకే వేళ మా ఇంటి మీదుగా పక్షులు బారులు బారులుగా పడమటికి పోతుండేవి. ఒకనాడు వాటిని చూస్తూ ఉన్నట్టుండి అడిగాను.

"అవి యాడికి పోతాయి నాయినా?"

నాన్న చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. ఊసుటేరి చెరువుకు పోతాయని చెప్పాడు. చలికాలంలో అక్కడ నీళ్ళు కనపడనంతగా పక్షులు దిగుతాయట. రాత్రికి గట్టునే ఉంటే తెల్లవారి అవి లేచేటప్పుడు చూడొచ్చన్నాడు. ఆ చెరువు మనదే, మన పొలిమేరలోదే అని అవ్వకు వినపడేలా మరీ మరీ చెప్పాడు. మంచు నెత్తిన దిగితే బిడ్డకు సన్ని జ్వరం కమ్ముతుందని అవ్వ గుండెలు బాదుకుంది. నెలల తరబడి నోరు విప్పని బిడ్డ నోరు విప్పితే, దానికి సంతోషించడం మాత్రం ఆమెకు తోచలేదు.

శనివారం మిల్లు వదలగానే బయలుదేరాం. తొట్టిలో అడుగున గోనెసంచులు పరిచాడు. నాకు అమ్మ నూలు చీరను నాలుగు మడతలు చేసి చుట్టాడు. చెవులు కప్పి తువ్వాలు కట్టాడు. కాళ్ళ దగ్గర వేడి ఇటుకను గుడ్డలో చుట్టి పెట్టాడు. చలిలో చంపబోయాడన్న వాళ్ళలో తమ బిడ్డలకు ఎవరైనా ఇటుక కాచి పెట్టారేమో చెప్పమనండి.

చెరువు దగ్గర ఈవలి గట్టంతా వానలకు బురదగా ఉంది. బండి దిగబడుతుందని నాన్న గట్టు వెంటే చుట్టూ పోనిచ్చి, అవతల పొడినేల చూసి ఆపాడు. ఓడరేవులో దొరికిన పాత తెరచాప గుడ్డను ఒకవైపు బండికీ ఒకవైపు తాటిచెట్టుకూ కట్టి గుడారం వేశాడు. ఊళ్ళో కొన్న పొడుగు రొట్టెను నిప్పు మీద కాల్చి, శొంఠి కాఫీలో ముంచి పెట్టాడు. ఇంజను ఇంకా వెచ్చగా ఉంది. నా చేతులను దాని దగ్గర పెట్టి కాచాడు. అప్పుడు మాటలు మొదలుపెట్టాను. అమ్మ గురించి, అవ్వ గురించి, బాహూరు దారి గురించి, అన్నీ ఒకేసారి. నాన్న ఊఁ కొడుతూ ఉన్నాడు. ఏ మాట దగ్గర నిద్రపోయానో నాకు తెలియదు.

తెల్లవారగానే నన్ను లేపాడు. చెరువు మీద మంచు. ఆ మంచులోంచి పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ చప్పుడుకు నేను నాన్న మెడను కరుచుకున్నాను. ఆయన ఏడుస్తున్నాడు. అమ్మ పోయాక ఆయన ఏడవడం అప్పుడే చూశాను.

అంతలో సుంకం జవాను ఒకడు గట్టు మీదుగా వచ్చాడు. బండికి సుంకం కట్టిన చీటీ ఏదని అడిగాడు. ఊళ్ళోనే తిరిగే బండికి చీటీ ఎందుకని నాన్న అన్నాడు. చెరువులో సగమే ఫ్రెంచివాళ్ళది, ఈ గట్టు ఇంగ్లీషువాళ్ళది అని జవాను చెప్పి, బిడ్డను చూసి జాలిపడి, వచ్చిన దారినే పొమ్మన్నాడు. నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. గబగబా గుడారం విప్పసాగాడు.

"అవ్వకు చెప్పొద్దు నాయినా," అన్నాను.

"కర్పూరం ఆర్పిన చెయ్యి ఇది. చెప్పకుండా ఎట్ల ఉండేది, అమ్మణ్ణీ."

దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. జవాను ఒర్లియంపేటకు వచ్చి చాటింపు వేస్తాడా? ఇంటికి రాగానే నాన్నే అవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె ఒక్క గడియ ఆగలేదు. బాహూరు నుంచి మా మామ ఏలుమలైని పిలిపించింది. దురైసామి తాత ఇంటి ముందు పెద్దలు కూర్చున్నారు. తెలియక దాటాడా, తెలిసి దాటాడా అని ఒక్కరైనా అడిగారా? చలి గురించి మాట్లాడారు, బండి గురించి మాట్లాడారు, దొర దాన్ని ఎందుకు ఇచ్చాడో మళ్ళీ తవ్వి తీశారు. నాన్న తలవంచుకుని నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తాతా, బాహూరికి పొయ్యే దారిలో కూడా సుంకం జవాను ఉండాడు," అన్నాను. "అమ్మ పోయిన నెలలోనే అవ్వ నన్ను ఆ దారినే తీసుకపోయె. పొయ్యేటప్పుడు, వచ్చేటప్పుడు మూట విప్పి చూసిరి. అది మటుకు ఎవరి పొలిమేర?"

అందరూ అవ్వ వైపు చూశారు. బాహూరు మనవాళ్ళ ఊరే, అక్కడా ఫ్రెంచి జెండాయే. కాని దానికీ పుదుచ్చేరికీ మధ్య దారిలో కొంత ఇంగ్లీషు నేల తగులుతుంది. అది అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. జీవితమంతా ఆ దారిన తిరిగినవాళ్ళే.

దురైసామి తాత గొంతు సవరించుకున్నాడు.

"అది మన బంధువుల ఊరు. దారి యాడ పోతే ఏంది. పెద్దల ముందర నోరెత్తే ఆడబిడ్డ అయిపోయింది చూడండ్రా. ఇదే తండ్రి పెంపకం."

అంతే, తీర్పు అయిపోయింది. నాన్న నాకు తిరిగి తెచ్చిపెట్టిన మాట వల్లనే నాన్నకు నేను కాకుండా పోయాను. ఇంతకంటే అన్యాయం నేను ఎక్కడా వినలేదు.

మర్నాడే నన్ను ఎద్దుబండి ఎక్కించారు. నాన్న తొట్టిబండిని నెమ్మదిగా నడుపుతూ మా వెనకే వచ్చాడు. తొట్టి ఖాళీ. వీరాంపట్టినం వైపు తిరిగే దారి దాటాక సుంకం చావడి వచ్చింది. జవాను అవ్వ మూట విప్పి, చూసి, కట్టి, పొమ్మన్నాడు. మోటారుబండికి చీటీ లేదని నాన్నను మాత్రం ఆపేశాడు. ఎద్దుబండి కదిలింది. ఏడాది లోపల పొలిమేర దాటకూడని బిడ్డను, దాటించాడని తండ్రి దగ్గరనుంచి లాక్కున్న బిడ్డను, పట్టపగలు పెద్దలే దాటించారు. అవ్వకు అది తట్టలేదు. మామ ఎద్దులను అదిలించాడు. నాన్న చావడి అవతల హ్యాండిలు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

ఆ తరువాత ప్రతి ఆదివారం తొట్టిబండిని ఆ చావడి దగ్గర వదిలి, అక్కడినుంచి బాహూరికి నడిచి వచ్చి నన్ను చూసి పోయేవాడు. ఎండైనా వానైనా. ఆ నడక ఒర్లియంపేటలో ఎవరి నోటా రాదు.

ఎవరూ అడగలేదు గాని చెబుతాను. ఊసుటేరి గట్టున నాకు చలి వేయలేదు. చలి వేసింది ఆ ఎద్దుబండిలో, మిట్టమధ్యాహ్నం, అవ్వ ఒళ్ళో.