గిరాకీ వైపు చూడని మనిషి

మా పెద్దనాయన పోయిన నెల ఎల్బీనగర్‌లోని ఒక దవాఖానలో, సెలైన్ సీసా వేలాడదీసిన తీరు బాగాలేదని నర్సుకు చెబుతూ చెబుతూ కన్నుమూశారు. గుండె ఆగిందని కాగితం మీద రాసిచ్చారు. ఆయన నోరు ఆగడం మాత్రం మా వంశంలో ఎవరూ అంతకుముందు చూసి ఉండరు.

ఫోన్ వచ్చినప్పుడు నేను చింపాంజీ కోసం బొప్పాయి కోస్తున్నాను. సంతాప సభల్లో ఇలాంటి వాక్యం వినపడదని తెలుసు, పాఠకులు క్షమించాలి. దాచకుండా చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఇక ఈ చింపాంజీ చేత ఎవరు తినిపిస్తారు?

జువాలజీలో పీజీ చేసి, పెద్ద అంబర్‌పేట్ దాటాక ఉన్న ఒక జంతు శరణాలయంలో చేరాను. నా హోదా ఎన్‌రిచ్‌మెంట్ అసిస్టెంట్. అంటే, బోనుల్లో బతికి వచ్చిన జంతువుల చేతులకూ బుర్రకూ పని కల్పించేవాడు. పండును పళ్ళెంలో పెట్టకుండా గొట్టంలో దాచాలి, పల్లీలు గడ్డిలో చల్లాలి, ఊయలలు కట్టాలి. అడవిలో వెతుక్కుని తినాల్సిన ప్రాణికి ఆ వెతుకులాటను తిరిగి ఇవ్వాలి. ఈ ఘనకార్యానికి డిగ్రీ ఉన్నవాణ్ని నేనే. చేసింది మాత్రం మా పెద్దనాయన.

మా దగ్గరికి తెచ్చిన ఆడ చింపాంజీ ఏదో ఫామ్‌హౌస్‌లో గౌను తొడుక్కుని, పుట్టినరోజు పార్టీలకు ఫోటోలు దిగి అలసిపోయిన మనిషి. మనిషి అనేశాను, ఉండనివ్వండి. మేమంతా మేడమ్ అనేవాళ్ళం. మోచేతుల దాకా వెంట్రుకలు తనే పీక్కుంది. ఎవరైనా ఎదురుగా నిలబడితే గోడకు వీపు ఆనించి కేకపెట్టేది. చింపాంజీ బలం గురించి పుస్తకంలో చదవడం వేరు, రెండడుగుల దూరంలో ఇనుప జాలీ ఊగుతుంటే చూడటం వేరు.

పెద్దనాయన వచ్చింది ఊయల కోసం. పోచంపల్లి దగ్గర మగ్గం నేసి, తర్వాత దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులో సేల్స్‌మన్‌గా జుట్టు నెరిపించుకుని, సరూర్‌నగర్‌లో తీరిగ్గా కూర్చున్న మనిషి. నేను కట్టిన ఊయల రెండుసార్లు తెగింది. "ఒక్క రోజు వచ్చి ముడేసి పో" అని బతిమాలాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని, బస్సెక్కి రెండేళ్ళు వచ్చారు.

మొదటి రోజు నేను నోట్‌బుక్ పట్టుకుని మేడమ్‌నే చూస్తూ నిలబడ్డాను.

"ఏందిరా, పోలీసోని లెక్క గట్ల నిలబడ్డవ్?"

"తింటదా లేదా రాసుకోవాలె పెద్దనాయనా."

"గిరాకి మొఖంల మొఖం పెట్టి సూస్తే కొంటదా? లేచి పోతది. చీర పరిచి నువ్వు ఇంకో దిక్కు సూడాలె. గప్పుడు చెయ్యి పెడతది."

జాలీ కింది సందులోంచి లోపలికి ఒక మూట తోసి, స్టూల్ మీద అటు తిరిగి కూర్చుని, పాత గుడ్డలు మడతపెట్టడం మొదలుపెట్టారు. ఆ మూట కూడా ఆయన చేతిపనే. కాటన్ గుడ్డలో పల్లీలు, ఖర్జూరాలు పెట్టి సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీతో చుట్టేవారు. వాళ్ళ ఊళ్ళో రంగు వేసే ముందు నూలును అలాగే కడతారు. ఒక కొస మాత్రం బయటికి వదిలేవారు. "ఇప్పెటోళ్ళకు కొస దొరకాలె. లేకుంటే అది పరేషాన్ జేసుడే" అనేవారు. నేను కట్టిన మూటలు చూసి, ఇవి జైల్లో వేయాల్సినవని తీర్పు చెప్పేవారు.

మూడు వారాలు మూటలు ముట్టకుండా అలాగే మిగిలాయి. ఒక మధ్యాహ్నం మా వెనక టప్‌మని రబ్బరు విడిన చప్పుడైంది. నేను తల తిప్పబోయాను.

"తిరగకు," అన్నారు పళ్ళు బిగబట్టి. "గిరాకి బేరంల ఉన్నది."

ఆ తర్వాత మేడమ్ చేతుల మీద మెల్లగా నూగు మొలిచింది. పెద్దనాయనకు భయం లేదని అందరూ అనుకునేవారు. సాయంత్రం బస్‌స్టాప్‌లో ఆయన తన పది వేళ్ళనూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోవడం నేను చూశాను.

"నీకు భయం గాదా?"

"అయితది రా. నేను ఆమెకు భయపడత, ఆమె నాకు భయపడతది. ఇద్దరం ఒక్క దుకాన్లనే కూసున్నం గద."

ఆయనకు పిల్లల్లేరు. కర్మ నేనే చేశాను. పదో రోజు నా జుట్టూ మీసమూ పోయాయి. తలకు స్నానం చేసి వచ్చేసరికి శరణాలయం డాక్టరమ్మ ఫోన్. ఆవిడది భీమవరం.

"బాబూ, నాలుగు రోజులైంది, నీళ్ళు తప్ప ఏమీ ముట్టట్లేదు. మళ్ళీ చేతులు పీక్కుంటోంది. మీ పెద్దనాన్నగారి స్టూల్ వైపే చూస్తూ కూర్చుంటోంది. రేపటికీ తినకపోతే మత్తిచ్చి సెలైన్ పెట్టాలి. గుండె బలహీనంగా ఉంది. మత్తులోంచి లేస్తుందో లేదో నేను చెప్పలేను."

ఇంటి నిండా చుట్టాలు. మర్నాడు భోజనాలు. ఏం చేయాలో తెలియక పెద్దమ్మ వైపు చూశాను.

"పోరా," అంది. "గీడ పోయినాయన ఇంక యాడికీ పోడు. గామె పోతది."

తొందరలో ఒక్క సంగతి తట్టలేదు. మేడమ్ నన్ను కాస్తో కూస్తో సహించిందంటే, జుట్టూ మీసమూ ఉన్న నన్ను. ఇప్పుడు మూట పట్టుకుని జాలీ ముందుకు వచ్చింది ఎవడో గుండువాడు. ఆమె ఒళ్ళంతా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కేకపెట్టి, ఒక్క దూకున వచ్చి జాలీని గుద్దింది. మూట నా చేతిలోంచి జారి సందులోంచి లోపలికి దొర్లింది. తప్పించుకుందామని వెనక్కి తిరిగాను, కాళ్ళు లేవలేదు. అక్కడే, జాలీకి వీపు పెట్టి, నేల మీద కూలబడ్డాను. పెద్దనాయన విద్యను ప్రయోగించానని రాసుకుంటే బాగుండేది. అది వట్టి భయం.

"కదలొద్దు!" తలుపు దగ్గరి నుంచి డాక్టరమ్మ గొంతు. "పసుపు గీత దాటి కూర్చున్నావు, దాని వేళ్ళు అందుతాయి. అసలు కదలొద్దు బాబూ."

కేకలు ఆగాయి. అదింకా భయంగా ఉంది. మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలింది. జాలీ కంతలోంచి ఒక వేలు వచ్చి నా గుండు మీద ఆగింది. నా మెడ ఎంత సన్నగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. వేలు కదిలింది. నెమ్మదిగా, లేని జుట్టును పాయలు తీస్తూ, ఒక చెవి నుంచి రెండో చెవి దాకా వెతికింది. మళ్ళీ మొదటి నుంచి వెతికింది.

కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యెత్తే ధైర్యం లేదు. వేలు ఇంకా తలమీదే తిరుగుతోంది. సరిగ్గా నా కుడి చెవి వెనక, ఎవరో తొందర లేకుండా పల్లీలు నములుతున్న చప్పుడు.