పంతులమ్మ పరిచిన నాలుగు నాపరాళ్ళు

మొన్న మిట్టమధ్యాహ్నం పెరట్లో ఎండబెట్టిన మిరపకాయలు తిరగెయ్యడానికి చెప్పులు మరిచిపోయి వెళ్ళాను. నాపరాయి మీద కాలు పడగానే చురుక్కుమంది. ఎవరైనా ఎగిరి గంతేస్తారు. నేను మాత్రం అక్కడే నిలబడి "ఈజ్ ఎందుకు కాదంటే..." అని గొణిగానట. మా కోడలు పరిగెత్తుకొచ్చి నన్ను నీడకు లాగి, ఎండదెబ్బ తగిలిందేమోనని నెత్తిన నీళ్ళు చల్లింది. ఎండదెబ్బ కాదు, రాహేలు పంతులమ్మ దెబ్బ అని ఆ పిల్లకు చెబితే అర్థమవుతుందా? ఆమె పోయి ఎంతో కాలమైంది. ఆమెను చూసినవాళ్ళు ఇప్పుడు మా ఊళ్ళో కూడా పెద్దగా లేరు. అందుకే నాలుగు ముక్కలు రాసి పెడదామనిపించింది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మాది మాచర్ల పక్కన రాళ్ళు కొట్టుకునే వాళ్ళ వాడ. అమ్మా నాన్నా ఇద్దరూ క్వారీలోనే. నేను ఎట్లాగో ఎనిమిదో తరగతి గట్టెక్కాను. నరసరావుపేట అవతల ఒక మిషను ఆస్పత్రిలో నర్సు శిక్షణకు ఆడపిల్లల్ని తీసుకుంటున్నారనీ, ముందు ఇంగ్లీషులో పరీక్ష పెడతారనీ తెలిసింది. అది కొత్త రకం పరీక్ష. ప్రశ్న కింద నాలుగు జవాబులిస్తారు, అందులో ఒప్పుదానికి గుర్తు పెట్టాలి. మా అమ్మ ఉన్నమాట మొహం మీదే చెప్పేసింది. "ఈ యేడు వస్తే పో. రాకపోతే తట్ట నెత్తినెత్తుకో. కూకోబెట్టి సాకటానికి మాకాడ ఏందే ఉంది?" అమ్మను తప్పుపట్టలేను. కానీ ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు ముద్ద దిగలేదు.

వాడలో ఇంగ్లీషు వచ్చిన మనిషి రాహేలు పంతులమ్మ ఒక్కతే. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఏదో వెతుక్కుంటున్నట్టు ఉండేది. మిలటరీలో గుమాస్తాగా పనిచేసే ఆమె తమ్ముడు అలాంటి ప్రశ్నలున్న పుస్తకం ఒకటి తెచ్చిచ్చాడు. అప్పట్లో కాగితం దొరకడమే గగనం. అందుకని ఆమె వాకిట్లో నాలుగు నాపరాళ్ళు పరిచింది. ప్రశ్న పైకి చదివి, ఒక్కో రాయి మీద ఒక్కో జవాబు సుద్దతో రాసేది. మాకు ఒప్పనిపించిన రాయి ఎక్కి నిలబడాలి. అక్కడితో అయిపోతే బాగానే ఉండును. మిగతా మూడూ ఎందుకు తప్పో చెప్పేదాకా రాయి దిగనిచ్చేది కాదు. బడి వదిలాక మొదలుపెట్టినా పల్నాటి ఎండ అంత తొందరగా రాళ్ళను వదులుతుందా?

"అమ్మగారూ, కాళ్ళు కాల్తన్నయ్."

"కాల్తే బిరీన చెప్పు. ఆ మూడూ ఏం పాపం చేసినయ్యే?"

నేర్చుకునేవాళ్ళం ముగ్గురం. మేమేం చెప్పినా ఆమె తల వంచుకుని వినేది. ఎదురు ప్రశ్న వేసేది. ఎప్పుడూ వెంటనే ఒప్పని గానీ తప్పని గానీ అనేది కాదు. నేను ఆమె కనుబొమల వంక చూస్తూ జవాబు పట్టేద్దామనుకునేదాన్ని. అవి కదిలితేగా! అన్నీ తెలిసి కూడా మమ్మల్ని ఉడికిస్తోందని లోపల్లోపల మండిపడేదాన్ని. ఒకరోజు రోగి జ్వరంతో బాధపడుతున్నాడన్న వాక్యం వచ్చింది. సఫరింగ్ తర్వాత ఏ మాట రావాలి? రాళ్ళ మీద విత్, బై, ఫ్రమ్, ఆఫ్ అని రాసింది. నేను విత్ ఎక్కాను. "జొరంతో అంటాం గదండీ, అందుకని" అన్నాను. ఆమె చాలాసేపు ఆలోచించి, "నాకూ అదే సబబనిపిస్తంది" అంది. పంతులమ్మకు అనిపించడమేమిటి, తెలియాలి గానీ అని ఆ రాత్రంతా నాకు ఒకటే గుబులు.

పరీక్ష దగ్గరపడేసరికి ఉండబట్టలేక ఒక పొద్దున ఆమె ఇంటికి వెళ్ళాను. జొన్నలు చెరుగుతోంది. "అమ్మగారూ, ఆ పుస్తకం ఎనకమాల జవాబులుంటయ్యంట గదా. మనం అనుకున్నయ్యన్నీ ఒక్కసారి సరిచూడండి" అన్నాను.

చేట కింద పెట్టింది. "లెవ్వే. మా తమ్ముడు తెస్తా తెస్తా రైల్లో చుట్ట ముట్టిచ్చుకోటానికి ఆ కాయితాలు చింపుకున్నాడు. ఆడికేం తెలుసు, ఎనకయ్యి గదా పనికిరావనుకున్నాడు."

 నాకు ఒళ్ళు మండింది. "మరి మాకెట్టా చెప్తన్నారు? అన్నీ తప్పయితేనో?"

"అందుకే గదే, మిగతా మూడిట్నీ అడిగేది. తలా ఒక మాట అనుకుంటే తప్పులు తగ్గుతయ్యని." చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత గొంతు తగ్గించి అంది. "పోయినేడు నాకాడ చదువుకున్న సుందరమ్మ పరీక్ష తప్పింది గదా. నేను చెప్పిందాంట్లోనే ఏదో తప్పుండి ఉంటది. అదేందో తెలీక ఏడాదిబట్టీ నాకు కంటిమీద కునుకు లేదు. కోటమ్మా, నువ్వు మాత్రం ఆడ నా మాట గుర్తు చేసుకోమాక. నీ బుద్ధికి ఏది తోస్తే దాని మీద నిలబడు."

ధైర్యం చెబుతుందని వెళితే ఉన్న ధైర్యం కూడా ఊడగొట్టిందని దారిపొడుగునా తిట్టుకున్నాను.

పరీక్షకు నాన్న నన్ను రైల్లో తీసుకెళ్ళాడు. ఆస్పత్రి వరండాలో పిలుపు కోసం కూర్చున్నాను. తెల్లచీర కట్టిన ఒక నర్సు, డాక్టరు దొరసాని పక్కన నడుస్తూ, ఒక్కో మంచం దగ్గరా రోగి సంగతి ఇంగ్లీషులో చెబుతోంది. మలేరియా మనిషి గురించి చెప్పినప్పుడు సఫరింగ్ ఫ్రమ్ అంది. నేనెక్కి నిలబడింది విత్ రాయి మీద. ఆమె అన్నది తప్పేమోలే అని సర్దిచెప్పుకున్నాను. లోపల కాగితం చేతికిచ్చారు. నాలుగో ఐదో ప్రశ్నలు దాటాక జ్వరం ప్రశ్న రానే వచ్చింది. పెన్సిలు చెమటకు జారిపోతోంది. విత్ అని పెడితే పంతులమ్మ మాట నిలుస్తుంది. ఫ్రమ్ అని పెడితే ఇన్నాళ్ళూ నేర్చుకున్నదంతా అనుమానమే. ఇదొకటి తప్పయితే ఇంకెన్ని తప్పులో! కళ్ళు మూసుకుని మిగతా మూడింటి సంగతీ నన్ను నేనే అడిగాను. ఆ నర్సు రోజూ ఈ మాట చెబుతుంది. తప్పయితే దొరసాని దిద్దకుండా ఊరుకుంటుందా? ఫ్రమ్‌కే గుర్తు పెట్టాను. పెట్టాక పంతులమ్మకు ద్రోహం చేసినట్టు ఏడుపొచ్చింది.

సాయంత్రం పేర్లు చదివారు. నా పేరు ఉంది. నాన్న తలగుడ్డ తీసి మొహం తుడుచుకుంటూ అటు తిరిగాడు. నేను ఆ నర్సు దగ్గరకు పరిగెత్తి జ్వరం ప్రశ్న గురించి అడిగాను. నవ్వి, ఫ్రమ్ అనే చెప్పింది.

ఊరు చేరగానే పంతులమ్మ ఇంటికి వెళ్ళాను. సీటొచ్చిందనగానే నన్ను కావలించుకుంది. ఆ సంతోషంలో చెప్పాలా వద్దా అని నసిగాను. చివరికి చెప్పేశాను. "ఆ జొరం ప్రశ్నకి విత్ కాదంటండీ. ఫ్రమ్ అంట." ఆమె మొహం పాలిపోయింది. మరో మాట లేకుండా కొంగు నెత్తిన వేసుకుని "పద" అంది. తిన్నగా క్వారీకి నడిచింది. సుందరమ్మ సుత్తితో కంకర కొడుతోంది. చుట్టూ కూలీలందరూ పని ఆపి చూస్తున్నారు. పంతుళ్ళ నోట తమది తప్పన్న మాట ఎన్నడూ విననివాళ్ళం. పంతులమ్మ అందరి ముందూ అంది.

"సుందరమ్మా, పోయినేడు జొరం ప్రశ్నకి నీకూ నేను విత్ అనే తప్పు చెప్పానే."

సుందరమ్మ సుత్తి పక్కన పెట్టింది. బూతులు తిడుతుందనుకున్నాను. ఆమె చెమట తుడుచుకుని పంతులమ్మను కిందికీ పైకీ చూసింది.

"ఒకటేనా, ఇంకా ఉన్నయ్యా?"

"తెలీదే."

"అయితే పొద్దుగూకినాక వస్తా. మొదట్నించీ మళ్ళా చూద్దాం."

మరుసటేడు సుందరమ్మ మా ఆస్పత్రిలో నా వెనక బ్యాచిలో చేరింది.

తర్వాత నేను నర్సుగానూ, నర్సులకు నేర్పేదానిగానూ తల నెరిసేదాకా పనిచేశాను. తెలియని మందు గురించి పిల్లలు అడిగితే తెలియదనే చెప్పాను. కొందరు చాటుగా నవ్వారు కూడా. నేను చెప్పింది తప్పని తర్వాత తెలిస్తే, ఆ పిల్ల ఏ వార్డులో ఉన్నా వెతుక్కుంటూ వెళ్ళి, ఎవరున్నా సరే, చెప్పి వచ్చాను. వెళ్ళిన ప్రతిసారీ నా కాళ్ళు వణికేవి. క్వారీకి నడిచిన ఆ రోజు పంతులమ్మ కాళ్ళూ వణికాయి. నేను పక్కనే ఉన్నాను, చూశాను.