కోత పండుగకు తెచ్చిన పాట

వారమంతా నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. ఆదివారం మాత్రం మా చర్చిలో సండే స్కూలు నాది. కృష్ణపట్నం పోర్టు రోడ్డుకు కాస్త లోపలగా ఉండే చిన్న ఊరు మాది. పిల్లల కోసం గమ్మత్తు పాటలు రాయడం నాకు పిచ్చి. పిల్లి, బల్లి, గారె, బూరె, ఏది దొరికితే దాన్ని పట్టుకుని ప్రాస కట్టేస్తాను. ఊళ్ళో నన్ను పాటల టీచరమ్మ అంటారు. ఆ మాట వింటే లోపల పొంగిపోతాను గానీ పైకి కనబడనివ్వను. కోపం మాత్రం దాచుకోవడం నాకు చేతకాదు.

వరి కోతలయ్యాక మా చర్చిలో కోత పండుగ చేస్తాం. పొలం ఉన్నవాళ్ళు కొత్త వడ్లు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజులు తెచ్చి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఒక్కొక్కటే ఎత్తి చూపించి వేలం వేస్తాడు, వచ్చిన డబ్బు చర్చికి పోతుంది. పిల్లలు తెచ్చిన కానుకకు మాత్రం మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మొదటి ధర వాళ్ళ టీచరే చెప్పాలి. తర్వాత ఎవరైనా పెంచవచ్చు. టీచరు నోరు విప్పకపోతే ఇంకెవరూ విప్పరు, ఆమెను కాదన్నట్టు అవుతుందని.

కిందటేడు పండుగకు ముందు ఆదివారం, నా క్లాసులో ఒక అమ్మాయి లేచి నిలబడింది. అయిదో తరగతి పిల్ల. తండ్రి పోర్టులో బొగ్గు లారీ తోలుతాడు.

"మాకు పొలం లేదు గదా టీచర్. మేమేం తెచ్చేది?" అని అడిగింది.

సగం మంది పిల్లలది అదే పరిస్థితి. నాకు ఎక్కడ లేని ఉత్సాహం వచ్చింది. పాట తెండి, మీ బుర్రలో పండిందీ పంటే అన్నాను. చప్పట్లు కొట్టి దరువు చూపించాను. కొస మాటకు జోడీ మాట వెతకడం నేర్పించాను. ఆవు మీద, చందమామ మీద రాస్తామన్నారు అందరూ. అవన్నీ అరిగిపోయినవే, నవ్వు వచ్చేట్టు రాయండి, కావాలంటే నా మీద రాసుకోండి, నేనేమీ అనుకోను అన్నాను. గొప్పకు అన్న మాట అది. ఎవరూ రాయరన్న ధీమాతో అన్నాను.

పండుగ రోజు నా ఎర్ర పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. ప్రతి పండుగకూ అదే చీర, నాకున్న పట్టుచీర అదొక్కటే. గుమ్మడికాయలు పోయాయి, అరటి గెల పోయింది. ఇద్దరు పిల్లల పాటలకు ధర చెప్పాను, ఎవరో పెంచి కొనుక్కున్నారు. తర్వాత సంఘపెద్ద ఆ అమ్మాయి కాగితం ఎత్తి, కళ్ళజోడు సర్దుకుని, గట్టిగా చదివాడు.

టీచరమ్మ, టీచరమ్మ,
ముక్కు మీద కోపమమ్మ!
పాట మరిస్తే కళ్ళెర్రన,
పండగొస్తే చీరెర్రన!
చప్పట్లు కొట్టి నేర్పుతాది,
చప్పుడు చేస్తే అరుస్తాది!

చీరెర్రన అనేసరికి నా చెయ్యి దానంతటదే పమిట మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. చర్చి అంతా ఒక్కసారిగా నవ్వింది. పాస్టరు అయ్యగారు కూడా చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అంత సిగ్గులోనూ లెక్కల బుర్ర ఊరుకోలేదు. దరువు ఎక్కడా తప్పలేదని, ప్రాస నా ప్రాసల కంటే బాగా కుదిరిందని తెలుస్తూనే ఉంది. అందుకే ఇంకా మండింది.

"టీచరమ్మా, ధర చెప్పండి" అన్నాడు సంఘపెద్ద.

నేను కీర్తనల పుస్తకం తెరిచి అందులోకి చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ అడిగాడు. పేజీ తిప్పాను. నవ్వులు ఆగిపోయాయి. ఆయన కాసేపు చూసి, కాగితాన్ని పక్కన పెట్టి, కోడిపుంజును ఎత్తాడు. దానికి ఎగబడి వేలం పాడారు జనం. చాప మీద కూర్చున్న ఆ పిల్ల నా వైపే చూస్తోందని తలెత్తకుండానే తెలిసింది. ఆ కాగితం ఒక్కటే ఎవరికీ పోకుండా బల్ల మీద మిగిలింది.

వేలం అయ్యాక అందరికీ భోజనాలు. తలనొప్పి అని చెప్పి నేను గేటు వైపు నడిచాను. పిల్ల తల్లి వెనకే వచ్చింది. ఆమె చేతిలో ఆ కాగితం మడిచి ఉంది.

"తప్పుగా అనుకోబాకండి టీచరమ్మా. మీరంటే పాణం దానికి. మీరు పెద్దగా నవ్వతారని రాసినాది. రేత్రంతా అదే పాడుకుంటా ఉండింది" అంది.

తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని. ఆమె క్షమాపణ అడుగుతుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఫరవాలేదమ్మా అని గొణిగి ఇంటికి వచ్చేశాను. క్షమాపణ చెప్పుకోవాల్సింది నేనని ఆమెతో అనలేకపోయాను.

తర్వాతి వారం నుంచి ఆ పిల్ల సండే స్కూలుకు మానకుండా వచ్చింది. బైబిలు వాక్యాలు అప్పజెప్పింది. పాట రాయమంటే మాత్రం "నాకు రాదు టీచర్" అనేది. కోపంగా కాదు, మర్యాదగానే అనేది. బుజ్జగించాను, మంచి పెన్ను ఇస్తానన్నాను, ఒకసారి గదమాయించాను కూడా. తల వంచుకుని కూర్చునేది. మిగతా పిల్లలకూ సంగతి అర్థమైపోయింది. అందరూ బుద్ధిగా చందమామ మీద రాసి ఇచ్చేవాళ్ళు. చదువుతుంటే ఆవులింతలు వచ్చేవి. పిల్లల్లో నవ్వు పాటను చంపిన పాటల టీచరమ్మను నేను. ఆదివారం వస్తోందంటే సిగ్గుగా ఉండేది.

ఈ ఏడు కోత పండుగ వచ్చింది. నాకూ పొలం లేదు. అదే ఎర్ర చీర కట్టుకుని వెళ్ళి, వడ్ల బస్తా పక్కన ఒక కాగితం పెట్టాను. సంఘపెద్ద తీసి, తనలో తాను చదువుకుని, నా వైపు అనుమానంగా చూశాడు. "చదవమంటారా?" అన్నాడు. చదవండి అన్నాను.

ఎర్ర చీర టీచరమ్మ
ఎగతాళికి ఓర్వదమ్మ!
నేర్పేదేమో నవ్వు పాట,
నవ్వాల్సొస్తే ఇంటి బాట!

పోయినేడు సంగతి ఎవరూ మరిచిపోలేదని నవ్వుల్లోనే తెలిసింది. ఈసారి తలెత్తుకునే కూర్చున్నాను, చెవులు మాత్రం కాలిపోతున్నాయి. సంఘపెద్ద ధర అడిగాడు. పిల్లల కానుకకు టీచరు ఉంది, టీచరు కానుకకు మొదటి ధర ఎవరు చెప్పాలో మా పద్ధతిలో లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన ఇంకోసారి అడిగాడు. పోయినేడు ఆ పిల్ల ఎలా కూర్చుని ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు.

"నేను చెప్తా పెద్దయ్యా" అని చాప మీద నుంచి చెయ్యి లేచింది.

ఆ అమ్మాయే. తన చేతిలో ఉన్న కానుక చిల్లరే ధరగా చెప్పింది. దాని మీద ఎవరూ పెంచలేదు. ముందుకు వచ్చి కాగితం తీసుకుంది. చదవలేదు. తిప్పి వెనకవైపు చూసుకుంది. భోజనాల దగ్గర వెళ్ళి పక్కన కూర్చున్నాను. పోయినేడు నీ పాటకు నేను ధర చెప్పాల్సింది, తప్పు చేశాను అన్నాను. సరేనన్నట్టు తలూపింది. అంతటితో ఊరుకోవచ్చు గదా, పాట బాగుందా అని కూడా అడిగాను.

"ఇంకా చదవలేదు టీచర్. ఎనకాల తెల్లంగా ఉండాది గదా, రాసుకుందామని తీసుకున్నా" అంది.

పెన్ను కావాలా అని అడిగాను. ఉందంది.